అర్ధరాత్రి వచ్చి పాము పట్టే వాలంటీర్‌కి సంస్థలో ఓటుందా? వన్యప్రాణి రెస్క్యూ సంస్థల్లో 'లెక్క చెప్పండి' గొడవ ఎందుకొస్తుందంటే..

వానాకాలం మొదలైతే చాలు.. మియాపూర్, మదీనాగూడ, హఫీజ్‌పేట, బాచుపల్లి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్. 'సెల్లార్‌లో పాము ఉంది. స్నేక్ క్యాచర్ నంబర్ ఎవరి దగ్గరైనా ఉందా?' కాసేపటికి ఓ కుర్రాడో, అమ్మాయో బైక్ మీద వస్తారు. చేతిలో హుక్కు, భుజానికి సంచీ, టార్చ్‌లైట్. పది నిమిషాల్లో పని అయిపోతుంది. మనం వీడియో తీస్తాం, థాంక్స్ చెప్తాం. పెట్రోల్‌కి ఉంచుకోమని రెండొందలు ఇవ్వబోతాం. వాళ్లు వద్దంటారు. లేదంటే సంస్థ ఖాతా క్యూఆర్ కోడ్ చూపిస్తారు.

ఆ క్యూఆర్ కోడ్ వెనక ఏం జరుగుతుందన్నదే ఈ స్టోరీ. ఆ డబ్బు ఎక్కడికి వెళ్తుంది, ఎలా ఖర్చు చేయాలో ఎవరు నిర్ణయిస్తారు, పాము పట్టిన ఆ కుర్రాడికి ఆ నిర్ణయంలో ఏమైనా పాత్ర ఉందా? చాలా చోట్ల చివరి ప్రశ్నకు సమాధానం 'లేదు'. ప్రపంచవ్యాప్తంగా జంతు సంరక్షణ సంస్థల్లో వాలంటీర్లకూ కమిటీలకూ మధ్య గొడవలు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది ఏ ఒక్క సంస్థ మీదా ఆరోపణ కాదు. హైదరాబాద్‌లో ఈ పనికి మంచి చరిత్రే ఉంది. అమల అక్కినేని 1992లో బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్‌ని మొదలుపెట్టారు. ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ 1995 నుంచి పాముల్ని కాపాడి అడవిలో వదులుతోంది. ఇప్పుడు ఇలాంటి సంస్థలు, చిన్న చిన్న గ్రూపులు చాలానే వచ్చాయి. రావాల్సిన అవసరం కూడా ఉంది. మియాపూర్ పక్కనే ఉన్న అమీన్‌పూర్ చెరువుకి 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా గుర్తింపు వచ్చింది. దాని చుట్టూ ఇప్పుడు ఎన్ని టవర్లు లేచాయో అటు వెళ్లి చూస్తే తెలుస్తుంది. 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపించింది. ఆ రోజుల్లో జింకల వీడియోలు దేశమంతా చూసింది. ఉండే చోటు పోయిన జంతువు మన సెల్లార్‌లోకే వస్తుంది. అప్పుడు ఫోన్ ఎత్తేది ఈ వాలంటీర్లే.

వాలంటీర్ వేరు, మెంబర్ వేరు

చాలామందికి తెలియని అసలు పాయింట్ ఇదే.

మన దగ్గర ఇలాంటి సంస్థ ఎక్కువగా సొసైటీగా రిజిస్టర్ అవుతుంది. తెలంగాణలో సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన చట్టమే రాష్ట్ర విభజన తర్వాత ఇక్కడా కొనసాగుతోంది. ఏడుగురు కలిస్తే చాలు, సొసైటీ పెట్టొచ్చు. ఆ ఏడుగురు, ఆ తర్వాత బైలా ప్రకారం చేర్చుకున్నవాళ్లు 'సభ్యులు'. వాళ్లకే ఓటు. కమిటీని ఎన్నుకునేది వాళ్లే, లెక్కలు ఆమోదించేది వాళ్లే, బైలా మార్చేది కూడా వాళ్లే.

మరి రాత్రిపూట తిరిగే వందల మంది వాలంటీర్లు? వాళ్లు ట్రైనింగ్ తీసుకుంటారు, ఐడీ కార్డు మెడలో వేసుకుంటారు, టీషర్ట్ మీద సంస్థ పేరుంటుంది. కానీ సభ్యుల రిజిస్టర్‌లో పేరు ఉండకపోవచ్చు. అంటే చట్టం దృష్టిలో వాళ్లు బయటివాళ్లతో సమానం. పదేళ్లు పనిచేసినా సరే. సంస్థ పేరు మీద వాళ్ల కష్టం ఉంటుంది, సంస్థ కాగితాల మీద వాళ్ల సంతకం ఉండదు.

దీన్ని మోసం అనలేం. సంస్థ పెట్టినప్పుడు పది మంది స్నేహితులే ఉంటారు, వాళ్లే సభ్యులు. తర్వాత పని పెరుగుతుంది, వాలంటీర్లు వస్తారు, సభ్యుల రిజిస్టర్ మాత్రం ఆ పది మంది దగ్గరే ఆగిపోతుంది. ఎవరూ కావాలని ఆపకపోయినా అలా అయిపోతుంది. కానీ పదిహేనేళ్ల తర్వాత కొత్తగా చేరిన ఇరవై రెండేళ్ల వాలంటీర్ 'ఎన్నికలు ఎప్పుడు?' అని అడిగితే, పాతవాళ్లకు అది తిట్టులా వినిపిస్తుంది. 'మేం రక్తం ధారపోసి కట్టాం, నిన్న వచ్చి నువ్వు అడిగేదేంటి?' అంటారు. ఆ మాటలో నిజమూ ఉంది. కాబట్టే ఈ గొడవలు తేలవు.

సంస్థ ట్రస్ట్‌గా రిజిస్టర్ అయి ఉంటే పరిస్థితి ఇంకా కష్టం. ట్రస్ట్‌లో సభ్యులే ఉండరు, ట్రస్టీలే అంతా. పబ్లిక్ ట్రస్ట్‌లో తప్పు జరుగుతోందని అనుకుంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 92 కింద, సంస్థతో సంబంధం ఉన్న ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది కోర్టు అనుమతి తీసుకుని దావా వేయాలి. పగలు ఐటీ కంపెనీలో షిఫ్ట్ చేసి రాత్రి పాములు పట్టే మనిషికి ఇది జరిగే పనేనా?

నచ్చకపోతే వెళ్లిపోవచ్చుగా?

వీధి కుక్కలకు అన్నం పెట్టే గ్రూప్ నచ్చకపోతే బయటికొచ్చి సొంతంగా పెట్టుకోవచ్చు. పాముల విషయంలో అలా కుదరదు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం 'వేట' అంటే చంపడమే కాదు, పట్టుకోవడం, ఉచ్చు వేయడం కూడా వేటే. 2022లో చట్టాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. అందులో నాగుపాము షెడ్యూల్ 1లో ఉంది. అంటే పులికున్నంత రక్షణ. సెక్షన్ 39 ప్రకారం వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. అలాంటి జంతువు ఎవరి చేతికి చిక్కినా 48 గంటల్లో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో, అధీకృత అధికారికో చెప్పాలి.

కాబట్టి రెస్క్యూ చేయాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. మామూలుగా ఆ శాఖ మాట్లాడేది సంస్థతోనే. సంస్థ ఇచ్చిన కార్డే వాలంటీర్‌కి రక్షణ కవచం. కార్డు ఉంటే అతను కాపాడేవాడు. కార్డు లేకుండా అదే పాముని, అదే చేత్తో, అదే సంచీలో వేస్తే కేసు పెట్టొచ్చు!

ఇప్పుడు ఆలోచించండి. ఆ కార్డు ఇచ్చేది, తీసేసేది కమిటీ. ప్రశ్న అడిగిన వాలంటీర్‌ని వాట్సాప్ గ్రూప్ నుంచి తీసేసి, కార్డు వెనక్కి ఇచ్చేయమంటే అతని పని మొత్తం ఆగిపోయినట్టే. ఎందుకు తీసేశారో రాతపూర్వకంగా చెప్పే పద్ధతి లేకపోతే అప్పీల్ చేయడానికి కూడా ఏమీ ఉండదు. అందుకే రెస్క్యూ సంస్థల్లో సంస్కరణ కోరేవాళ్లకు డబ్బు లెక్క ఎంత ముఖ్యమో, తొలగింపుకి ఒక పద్ధతి ఉండటం అంతకంటే ముఖ్యం. నా లెక్కలో అయితే అదే మొదటిది.

కేరళ ఇక్కడ కొంచెం వేరే దారి పట్టింది. 2020లో కొల్లం జిల్లాలో ఓ భర్త నాగుపాముతో కాటు వేయించి భార్యను చంపిన ఉత్ర కేసు గుర్తుంది కదా. ఆ ఏడాదే అక్కడి అటవీ శాఖ పాములు పట్టేవాళ్లకు శిక్షణ, సర్టిఫికెట్ తప్పనిసరి చేస్తూ మార్గదర్శకాలు తెచ్చింది. తర్వాత 'సర్ప' యాప్ వచ్చింది. ఎవరింట్లో పాము కనిపిస్తే వాళ్లు యాప్‌లో చెప్తే, దగ్గర్లో ఉన్న సర్టిఫికెట్ పొందిన రెస్క్యూయర్‌కి సమాచారం వెళ్తుంది. గుర్తింపు నేరుగా మనిషికే, ఇచ్చేది అటవీ శాఖే. దీనివల్ల సంస్థల లోపలి రాజకీయాలు మాయమైపోతాయని కాదు. కానీ కార్డు చూపించి నోరు మూయించే అవకాశం తగ్గుతుంది.

ఆస్ట్రేలియాలో ఏం జరిగింది?

ఈ సమస్య పెద్ద స్థాయిలో ఎలా ఉంటుందో చూడాలంటే 2019-20 ఆస్ట్రేలియా కార్చిచ్చు దగ్గరకు వెళ్లాలి. కాలిన కాళ్లతో నీళ్లు తాగుతున్న కోలా వీడియోలు మీ ఫోన్లోకీ వచ్చే ఉంటాయి. దాదాపు 300 కోట్ల జంతువులు చనిపోవడమో, ఉన్నచోటు కోల్పోవడమో జరిగిందని 2020 జులైలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ చేయించిన అధ్యయనం లెక్కేసింది.

న్యూ సౌత్ వేల్స్‌లో 1980ల నుంచి పనిచేస్తున్న 'వైర్స్' అనే వన్యప్రాణి రెస్క్యూ సంస్థ ఉంది. దాదాపు మొత్తం వాలంటీర్ల మీదే నడుస్తుంది. అక్కడ కూడా అడవి జంతువుని చేరదీయాలంటే లైసెన్స్ ఉండాలి, చాలామందికి అది లైసెన్స్ ఉన్న గ్రూపులో సభ్యత్వం ద్వారానే దొరుకుతుంది. అంటే మన కార్డు కథే. ఆ ఒక్క సీజన్‌లో ప్రపంచం నలుమూలల నుంచి వైర్స్‌కి విరాళాలు వెల్లువెత్తాయి. సుమారు 9 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు. సొంత ఇంటి వరండాలో కంగారూ పిల్లకు సీసాతో పాలు పట్టే వాలంటీర్లున్న సంస్థకి, రాత్రికి రాత్రి పెద్ద కంపెనీ స్థాయి డబ్బు.

ఆ తర్వాత ప్రశ్నలు రావడం సహజమే కదా. ఫీల్డ్‌లో ఉన్నవాళ్లకు ఎంత చేరింది? పాల పొడి, మందులు, పెట్రోల్ సొంత జేబులోంచి పెట్టుకుంటున్న వాలంటీర్‌కి ఎందుకు ఆలస్యం? బోర్డులో ఫీల్డ్ వాళ్లెంతమంది? సంస్థ వైపు వాదన కూడా కొట్టిపారేయలేనిదే. అంత డబ్బు ఒక్క ఏడాదిలో ఖర్చు చేసేస్తే వృథా అవుతుంది, ఏళ్ల తరబడి పునరావాసానికి వాడాలి అన్నారు. రెండు వైపులా న్యాయం ఉంది. కానీ ఒకటి గమనించండి. డబ్బు లేనప్పుడు ఎవరూ అడగని ప్రశ్నలు, డబ్బు రాగానే ఒక్కసారిగా వచ్చాయి. నియమాలు మాత్రం పాత చిన్న సంస్థకి రాసుకున్నవే.

అదే కార్చిచ్చులో ఇంకో ఉదంతం ఉంది, కాగితం బలం ఏంటో చెప్పేది. కమెడియన్ సెలెస్ట్ బార్బర్ ఫేస్‌బుక్‌లో విరాళాలు అడిగితే 5 కోట్ల 10 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. అందులో కొంత జంతు సంరక్షణకీ, బాధితులకీ, వేరే సంస్థలకీ ఇద్దామనుకున్నారు. దాతల్లో చాలామందీ అలాగే అనుకున్నారు. కానీ డబ్బు వెళ్లింది న్యూ సౌత్ వేల్స్ రూరల్ ఫైర్ సర్వీస్ ట్రస్ట్ ఖాతాకి. 2020 మేలో అక్కడి సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: ట్రస్ట్ డీడ్‌లో ఏం రాసి ఉందో దానికే వాడాలి, వేరే సంస్థలకు ఇవ్వడం కుదరదు. అంతమంది దాతల ఉద్దేశం ఒకటి, పత్రం ఇంకొకటి అంటే పత్రమే గెలిచింది. కాబట్టి వాలంటీర్లు 'బైలా కాపీ ఇవ్వండి' అని అడిగితే అది చిల్లర గొడవ కాదు.

బ్రిటన్‌లో ఆర్ఎస్పీసీఏది ఇంకో అనుభవం. 1824లో పుట్టిన సంస్థ అది. ఓ సీనియర్ అధికారి వెళ్లిపోతున్నప్పుడు పెద్ద మొత్తం సెటిల్‌మెంట్ ఇచ్చిన తీరు మీద 2018లో ఛారిటీ కమిషన్ దానికి అధికారిక హెచ్చరిక జారీ చేసింది. ఆ తర్వాత పాత పెద్ద కౌన్సిల్ పోయి చిన్న బోర్డు వచ్చింది. రెండు వందల ఏళ్ల సంస్థకే దిద్దుబాటు తప్పలేదు. ఇక్కడ మనకో పెద్ద లోటు కనిపిస్తుంది. బ్రిటన్‌లోని ఛారిటీ కమిషన్ లాంటి, ఆస్ట్రేలియాలో 2012లో వచ్చిన ఛారిటీల నియంత్రణ సంస్థ లాంటి ఒకే గడప మన దగ్గర లేదు. సొసైటీ వివరాలు రిజిస్ట్రార్ దగ్గర, పన్ను మినహాయింపు ఆదాయపు పన్ను శాఖ దగ్గర, విదేశీ విరాళం హోం శాఖ దగ్గర, జంతువు అటవీ శాఖ దగ్గర. ఒక్కో ముక్క ఒక్కో ఆఫీసులో.

ఇక్కడి వాలంటీర్ ఏం చేయగలడు?

చాలామంది చేసే మొదటి పని రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్లి ఫిర్యాదు ఇవ్వడం. నెలలు గడుస్తాయి, ఏమీ జరగదు. ఎందుకంటే 2001 చట్టం కింద రిజిస్ట్రార్ పని ప్రధానంగా పత్రాలు తీసుకుని ఫైల్ చేయడం. ఎన్నిక చెల్లిందా లేదా, కమిటీ ఎవరిది అన్న గొడవలు తేల్చే అధికారం ఆయనకు లేదని హైకోర్టు పలు తీర్పుల్లో చెప్పింది. గొడవ తేలాల్సింది సెక్షన్ 23 కింద. మధ్యవర్తిత్వానికైనా వెళ్లాలి, జిల్లా కోర్టుకైనా వెళ్లాలి. అయితే ఆ హక్కు కూడా సొసైటీ 'సభ్యుడికే'. మళ్లీ అక్కడికే వచ్చాం చూశారా!

అందుకే సంస్కరణ కోరే వాలంటీర్ల గ్రూపు మొదట అడగాల్సింది లెక్కలు కాదు, సభ్యత్వం. ఇన్నేళ్లు పనిచేసి, శిక్షణ పూర్తిచేసిన వాలంటీర్‌కి సభ్యత్వం దరఖాస్తు చేసే దారి బైలాలో ఉందా? ఉంటే దరఖాస్తు పెట్టి, అందినట్టు సంతకం తీసుకోవాలి. లేకపోతే బైలా సవరణ అడగాలి. సోషల్ మీడియాలో పోస్టు పెట్టడం కంటే ఇది నెమ్మదైన పనే, కానీ పోస్టుకి ఓటు హక్కు రాదు.

రిజిస్ట్రార్ దగ్గర మాత్రం సమాచారం దొరుకుతుంది. ఏటా సర్వసభ్య సమావేశం అయ్యాక 15 రోజుల్లో కమిటీ సభ్యుల జాబితా దాఖలు చేయాలి. అది దాఖలైందా, చివరిసారి ఎప్పుడు ఇచ్చారు, జాబితాలో ఎవరి పేర్లున్నాయి, ఇవన్నీ సర్టిఫైడ్ కాపీ తీసుకుంటే తెలిసిపోతాయి. చాలా గొడవలు ఆ ఒక్క కాగితంతోనే సగం తేలిపోతాయి. 'సమావేశం జరిగింది' అన్నవాళ్లు, 'జరగలేదు' అన్నవాళ్లు ఇద్దరూ ఆ తేదీ చూసుకోవాల్సిందే.

సమాచార హక్కు చట్టం ప్రైవేటు సంస్థ మీద నేరుగా పనిచేయదు. ప్రభుత్వం నుంచి గణనీయంగా నిధులు పొందే ఎన్జీవోలు ఆర్టీఐ పరిధిలోకి వస్తాయని 2019 సెప్టెంబర్‌లో డీఏవీ కాలేజ్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి నిధులు లేకపోయినా ఇంకో దారుంది. అటవీ శాఖని అడగొచ్చు. ఏ సంస్థకి, ఏ షరతులతో, ఎప్పటివరకు అనుమతి ఇచ్చారు? రెస్క్యూ చేసిన, విడిచిపెట్టిన జంతువుల వివరాలు సంస్థ సమర్పించిందా? పట్టుకున్న పాము ఎక్కడ వదిలారన్నది నిజంగా పెద్ద ప్రశ్న. క్యాచ్ వీడియోకి లక్షల్లో వ్యూస్ వస్తాయి, రిలీజ్ రిజిస్టర్‌ని ఎవరూ చూడరు.

మహిళా వాలంటీర్ల విషయం విడిగా చెప్పాలి. అర్ధరాత్రి తెలియని ఇళ్లకు వెళ్లే పని, సీనియర్ల మీద ఆధారపడే శిక్షణ. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో ఉద్యోగి అనే నిర్వచనంలో జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లూ ఉన్నారు. పది మంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాల్సిందే, లేకపోతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లొచ్చు. 'మాది సేవా సంస్థ, ఇక్కడ ఉద్యోగులే లేరు' అన్న మాట చెల్లదు. అమెరికాలో హ్యూమేన్ సొసైటీ 2018లో ఏం చూసిందో గుర్తుచేసుకోవాలి. సీఈవో మీద వేధింపుల ఆరోపణలు వచ్చాయి, ఆయన ఖండించారు. ఫిబ్రవరి 1న బోర్డు ఆయన్ని కొనసాగించాలని ఓటేసింది. కొందరు బోర్డు సభ్యులు రాజీనామా చేశారు, దాతలు వెనక్కి తగ్గడం మొదలైంది. మర్నాడే ఆయన పదవి వదిలేశారు.

హైటెక్ సిటీ కంపెనీల చేతిలో ఉన్న తాళం

ఆ అమెరికా ఉదంతం చూశాక దాతల సంగతి మాట్లాడాలి. ఈ కారిడార్‌లో డబ్బు ఇచ్చేది ఇద్దరు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసే మనం, సీఎస్ఆర్ ఇచ్చే కంపెనీలు. కంపెనీల చట్టం 2013 సెక్షన్ 135 ప్రకారం నిర్ణీత పరిమితి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. వన్యప్రాణుల రక్షణ, జంతు సంక్షేమం ఆ జాబితాలో ఉన్నాయి. సీఎస్ఆర్ డబ్బు తీసుకునే సంస్థ 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 ఫారం ద్వారా నమోదు కావాలి.

కంపెనీలు నమోదు నంబర్, 80జీ పత్రం, ఫొటోలు అడుగుతాయి. ఎన్నికలు ఎప్పుడు జరిగాయి, వాలంటీర్లకు బీమా ఉందా, ఫిర్యాదు చేస్తే ఎవరు వింటారు అని కూడా అడగొచ్చు. అడిగితే కమిటీలు వారంలో కాగితాలు సర్దుకుంటాయి. వాలంటీర్లు రెండేళ్లు అడిగినా రాని సమాధానం, చెక్కు ఇచ్చేవాళ్లు ఒక్క ఈమెయిల్ పెడితే వస్తుంది. బాధగా ఉన్నా వాస్తవం అదే.

బీమా సంగతి తేలిగ్గా తీసుకునేది కాదు. 2000 నుంచి 2019 మధ్య మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని మిలియన్ డెత్ స్టడీ అంచనా. ఆ మరణాల్ని 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. పాముని చేత్తో పట్టే వాలంటీర్ ఈ లెక్కలకు అందరికంటే దగ్గరగా ఉంటాడు. జీతం లేదు కాబట్టి మామూలు ఉద్యోగికి ఉండే ఈఎస్ఐ లాంటి భరోసా కూడా ఉండదు. కాటు పడితే ఐసీయూ బిల్లు ఎవరు కడతారన్నది కమిటీ మినిట్స్ బుక్‌లో ముందే రాసి ఉండాలి. ఆసుపత్రి కారిడార్‌లో ఫండ్ రైజింగ్ లింక్ తయారు చేయడం కాదు.

ఇక మన వంతు. ఈసారి మీ అపార్ట్‌మెంట్‌కి రెస్క్యూయర్ వస్తే ఐడీ కార్డు చూడండి, దాని మీద అనుమతి గడువు ఉందేమో చూడండి. విరాళం ఇస్తే వ్యక్తిగత నంబర్‌కి కాకుండా సంస్థ పేరు మీద ఉన్న ఖాతాకే ఇవ్వండి, రసీదు అడగండి. 80జీ మినహాయింపు కావాలంటే 2 వేలు దాటిన మొత్తం క్యాష్‌లో ఇస్తే చెల్లదు, సంస్థ ఇచ్చే 10బీఈ సర్టిఫికెట్ కూడా ఉండాలి. పాముని సంచీలో వేశాక, దాన్ని ఎక్కడ వదులుతారని వాలంటీర్‌ని అడగండి. చెప్పడానికి వాళ్లకు ఇష్టమే. ఆ ప్రశ్న అడిగేవాళ్లే తక్కువ.